నోటితో అనని పేరు

ఇక్కడే కూర్చో, కదలకు అన్నాడు మా ఆయన. ఊరికే అన్నాడా, చిన్నపిల్లకి చెప్పినట్టు బెంచీ మీద అరచేత్తో తట్టి మరీ చెప్పాడు. “నువ్విక్కడే కూకో. నానలాగెల్లి ఇలాగొచ్చెత్తాను. కదిలితే మరి నాకు కనబడవు.” మాట పడిపోయిందని బుద్ధి కూడా పడిపోయిందనుకుంటాడు ఈ మనిషి. పడిపోలేదయ్యా, అన్నీ తెలుస్తున్నాయి. ఇది కాంప్లెక్స్ బస్ స్టాండని తెలుసు, సీతమ్మధారలో ఆ మాటలు నేర్పే పిల్ల దగ్గర నుంచి ఆటోలో ఇక్కడికొచ్చామని తెలుసు, పెందుర్తి బస్సెక్కి ఇంటికి పోవాలని తెలుసు, నువ్వు వెళ్ళి చాలాసేపైందని కూడా తెలుసు. నీ చంకలో నా హాస్పిటల్ ఫైలు, చొక్కా జేబులో సెల్లు, ఆ జనంలో తెల్లచొక్కా వీపు కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు. నా ఒళ్ళో చేతిసంచీ మిగిలింది, అందులో ఒక తువ్వాలు, ఒక నీళ్ళ సీసా. పెందుర్తి బస్సు ఒకటొచ్చి వెళ్ళింది. ఇంకొకటొచ్చి వెళ్ళింది. ఎక్కడికి పోయావయ్యా, టీ తాగడానికి అస్సాం గానీ వెళ్ళావా?

ఈ మాటే నువ్వుండగా పైకి అనగలిగితే నీ మొహం ఎలా మాడిపోయేదో చూద్దును. నా నోటికి భయపడని వాళ్ళు మా వీధిలో లేరు. కుళాయి దగ్గర వరస తప్పించి బిందె ముందుకు జరిపినవాళ్ళు, మా గోడ పక్కన చెత్త పోసి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవాళ్ళు, “ఓలమ్మో, నారాయణమ్మ లేచింది, పదండి” అనుకుంటూ తలుపులేసుకునేవాళ్ళు. ఇప్పుడేం, ఎవరైనా వచ్చి నా చేతిలో బిందె లాక్కుని పోవచ్చు. పోయిన వానాకాలంలో ఒక పొద్దున్న గేదెకి కుడితి పెడుతుంటే చెయ్యి పట్టు తప్పి బకెట్టు పడిపోయింది. తిడదామని నోరు తెరిచాను. ఏదో వచ్చింది, అది తిట్టు కాదు, మాటే కాదు. తలలో ఎడమ పక్కన రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు, మాటలుండే చోటే దెబ్బతిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు కొంత తిరిగొచ్చాయి. మాట రాలేదు. రెండు మాత్రం నేను పిలవకపోయినా వచ్చేస్తాయి, ఒకటి ఓలమ్మ, రెండోది సచ్చినోడు. నీళ్ళు కావాలన్నా ఓలమ్మే, కాలు నొప్పన్నా ఓలమ్మే. అప్పుడప్పుడు మూడోదొకటి దొర్లుతుంది, అది తప్పు మాట. శ్రీసత్య, అదే ఆ మాటలు నేర్పే పిల్ల, గ్లాసు బొమ్మ చూపించి ఇదేంటమ్మా అంటుంది. గ్లాసని నాకు తెలియదా? మా ఇంట్లో గ్లాసుల్లో ఏది సొట్టదో, ఏది మా అమ్మాయి పుష్ప పెళ్ళిలో చదివించినదో అన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడతాయి, పేరు మాత్రం రాదు. నాలిక చివర ఉందంటారు చూడండి, అలా కూడా కాదు, నాలిక దాకా రానే రాదు. ఒకరోజు గ్లాసుని పట్టుకుని పిల్లి అన్నాను. నాకే నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు, మంచిది. రాయమంటే రాతా అంతే, ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు కాగితం మీద పురుగులు పాకినట్టు తలో దిక్కూ పోతున్నాయి.

ఎండ బెంచీ మీదికి వచ్చింది. కీరాముక్కలమ్మే ఆవిడ నీడ కోసం స్తంభం పక్కకి జరిగింది. అనకాపల్లి, అనకాపల్లి, అనకాపల్లి అని ఒకడు ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నాడు. ఎంత సుఖంగా అరుస్తున్నాడో. ఆ మాట వాడి నోట్లోంచి ఉప్పుగింజలా రాలుతోంది, దాని విలువ వాడికేం తెలుసు? నాకు ఇవాళ పొద్దుటి నుంచి కావలసింది రెండే మాటలు, ముందు తిను. ఆయన షుగరు మాత్ర వేసుకోవడం నేను చూశాను. మాత్ర వేసుకున్నాడో లేదో పుష్ప ఫోను చేసింది, ఆ ఫోను అవుతుండగానే ఆటో వచ్చింది, ఇడ్లీ పళ్ళెం మీద మూత పెట్టేసి వచ్చేశాడు. గుమ్మం దగ్గర, ఆటోలో, క్లినిక్కు కుర్చీలో, ముందు తిను, ముందు తిను అని లోపల అనుకుంటూనే ఉన్నాను, పైకి ఓలమ్మ తప్ప రాలేదు. క్లినిక్కు బయట ఇడ్లీ బండి కనబడితే చొక్కా పట్టి లాగి చూపించాను. “ఆకలేత్తందేటే? ఇంటికెల్లి తిందాం. బయటి తిండి నీకు పడదు” అన్నాడు. నాకు కాదు మొర్రో, నీకు! నాకైతే పొద్దున్నే నీ చేత్తో తినిపించావు. పోయిన ఏడాది ఒకసారి ఇలాగే మాత్ర మింగి తినకపోతే షుగరు పడిపోయింది. చెమటలు కారిపోయి, మాట ముద్దయిపోయి, పెరట్లో గోడకి జారగిలబడిపోయాడు. పంచదార నాలిక మీద పెట్టి లేపుకున్నాను. అప్పుడు నాకు నోరుంది కాబట్టి నా కేకలకి వీధి వీధంతా వచ్చి పడింది. ఇక్కడెవరు వస్తారు? తాగి పడిపోయాడు అనుకుని పక్కనుంచి దాటి వెళ్ళిపోతారు. అలా పడి ఉన్న వాళ్ళని నేనూ దాటి వెళ్ళినదాన్నే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

మైకు గరగరమంది. శ్రీకాకుళం బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి, ఆ తర్వాత ఇంకొకటి చెప్పారు, గాజువాక నుంచి వచ్చిన సాయిశంకర్ గారూ, మీ కోసం మీ వాళ్ళు విచారణ కౌంటరు దగ్గర ఎదురుచూస్తున్నారు అని. ఎంత తేలిక. పేరు చెబితే చాలు, స్తంభాల మీదున్న డబ్బాలన్నీ ఒకేసారి పిలుస్తాయి. ఆ సాయిశంకర్ ఎవరో గానీ ఆయన పెళ్ళాం నోరు చల్లగా ఉండాలి. నా మొగుడి పేరు తవిటయ్య. మనసులో అనుకుంటే తప్పు లేదు, నోటితో అనకూడదు. అంటే మొగుడికి ఆయుక్షీణం అని మా అమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. తిట్టొచ్చట, తిరగబడొచ్చట, పేరు మాత్రం పలకకూడదట. పైగా ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. మా అత్తకి ముందు పుట్టిన పిల్లలు పురిట్లోనే పోతుంటే, ఈయన పుట్టగానే పక్కింటావిడ చేతుల్లో పెట్టేసి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. తవుడికి కొన్న బిడ్డ మీద చావు కన్ను పడదని. అలా తవిటయ్య అయ్యాడు. అంత కష్టపడి దక్కించుకున్న పేరు కదా అని నేను తవుడు అన్న మాట కూడా ఏనాడూ అనలేదు. గేదె ఉన్న ఇంట్లో తవుడు లేకుండా గడుస్తుందా? కొట్టుకెళ్ళి బస్తా వైపు వేలు చూపించి అది ఇయ్యి అనేదాన్ని. కొట్టువాడికి తెలిసి కూడా వేళాకోళం. “అదంటే ఏటి పిన్నీ? ఉలవలా, తెలగపిండా?” నీ తలకాయ, తూచు అనేదాన్ని. అంటే ఒక మాట నోట్లో లేకుండా వేలు చూపించి బతకడం నాకు కొత్త కాదు. ఇప్పుడు గ్లాసు తవుడే, నీళ్ళూ తవుడే, ఇడ్లీ తవుడే. కాకపోతే అప్పుడు అననని నేనే అనుకున్నాను, ఇప్పుడు నన్నెవరూ అడగలేదు.

పెళ్ళిరోజు ఆ ఒక్కసారి అనొచ్చు, దోషం లేదు. గుమ్మానికి అడ్డంగా ఆడపడుచులు నిలబడి పేరు సెప్పు, లోపలికి రా అన్నారు. నేను అనలేదు. సిగ్గు అనుకున్నారు. సిగ్గు లేదు, గాడిదగుడ్డూ లేదు, అడ్డం నిలబడి అడిగితే చెప్పాలేంటి అని మొండితనం. ఎండలో నడిచి వచ్చిన కాళ్ళు లాగేస్తున్నా అలాగే నిలబడ్డాను. బతిమాలారు, బెదిరించారు. చివరికి ఈయనే గొంతు సవరించుకుని, “నా పేరు తవిటయ్య, దీని పేరు నారాయణమ్మ, రెండూ నానే సెప్పీసేను, ఇంక దారియ్యండి, ఆకలేత్తంది” అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఈ మనిషంటే నాకు ఇష్టం మొదలైంది అక్కడే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. మాటలున్నప్పుడు ఎన్ని వేల మాటలు పారబోశానో, అదొక్కటీ చెప్పాలని తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మాటలన్నీ నా పక్కనుంచి వెళ్ళిపోతాయి. నా సెల్లు మనవడు చింటూకి పోయింది, ఆటలాడుకోవడానికి. “మాట్లాడదు కదా, అమ్మకెందుకులే” అంది మా పుష్ప, నా ఎదురుగానే. భీమిలి నుంచి రోజూ ఫోను చేస్తుంది, వాళ్ళ నాన్నకి. అమ్మ తిందా, అమ్మ పడుకుందా, అమ్మ ఏడిసిందా. “తినీసింది, తొంగుంది, నేదు, బాగానే ఉంది” అంటాడాయన. నేను అక్కడే కూర్చుని నా గురించి వింటాను. పుష్పది ప్రేమే, కాదనను, కానీ ప్రేమ ఉన్నవాళ్ళు కూడా మాట లేని మనిషిని దాటేసి మాట్లాడతారు. దాటనివాడు ఈయనొక్కడే. నాతో ఇంకా దెబ్బలాడతాడు. పప్పులో నానే ఉప్పేసేను, అది బాగోలేదని ఆ మొహవేటి అలగెట్టేవు అంటాడు. అని ఆగుతాడు. నేను తిరిగి తిట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతాడు, నా కళ్ళలోకి చూస్తూ. తర్వాత “అయిందా?” అంటాడు. నేను లోపల అప్పటికే ఏడు తరాలూ దులిపేసి ఉంటాను కాబట్టి అయిందని తలూపుతాను. అప్పుడు ఆయన తన వంతు మొదలెడతాడు. ఆ ఆగడం ఇంకెవరికీ రాదు. ఆ మనిషి పోతే నేను ఎవరితో మాట్లాడను?

కదలకన్నాడు. కదిలాను. సంచీ ఎడమ భుజానికేసుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ మగవాళ్ళ మరుగుదొడ్ల దాకా వెళ్ళాను. అక్కడ కూర్చున్నతను నా వైపు చూడకుండానే ఆడోళ్ళది అటు అని చెయ్యి చూపించాడు. లోపల నా మొగుడు పడిపోయి ఉన్నాడేమో చూడు బాబూ. ఓలమ్మ. “అటు, అటు” అన్నాడతను. టీ కొట్టు దగ్గర తెల్లచొక్కా ఒకటి కనబడితే కాలీడ్చుకుంటూ అటు పోయాను, తిరిగేసరికి ఎవరో. ఎదురొచ్చేవాళ్ళ భుజాలు తగులుతున్నాయి, ఎవరి తొందర వాళ్ళది. ఎవరినైనా ఆపి, ఏమని అడగను? ఆపాక మళ్ళీ ఓలమ్మే కదా. అయినా విచారణ కౌంటరు దాకా వెళ్ళాను. పక్క బెంచీ మీద ఖాకీ చొక్కా కండక్టరమ్మ క్యారేజీ విప్పుకుని తింటోంది, మహేశ్వరక్కా అని ఎవరో పిలుస్తున్నారు. నా వాలకం చూసి ముద్ద ఆపింది. “ఏటైంది పిన్నీ? ఎవులైనా తప్పిపోనారా?” తలూపాను. “మీ ఆయనా?” గట్టిగా ఊపాను. నా తల్లే, నిన్ను ఏ దేవుడు పంపాడో. “దానికేటి, పేరు సెప్పు, మైకులో సెప్పిస్తాను” అంది.

నోరు తెరిచాను. మూశాను. మాట రాదని నోటి మీద వేలు పెట్టి, చెయ్యి అడ్డంగా ఊపాను. మహేశ్వరి నవ్వింది. “ఓహో, సెప్పకూడదా? మాయమ్మా ఇంతే, రేషన్ షాపు కాడ కూడా సెప్పదు. పక్కనున్నోళ్ళు సెప్పాలి.” కాదు, కాదు తల్లీ అని ఇంకా గట్టిగా చెయ్యి ఊపాను. ఇంకా గట్టిగా నమ్మింది. ఆ సైగ ఇన్నేళ్ళూ నేను చేసిన సైగే, ఆవిణ్ణి ఏమని తప్పుపట్టను? అరటిపళ్ళ బుట్ట దించుకున్న ముసలావిడ కూడా సరదా పడింది. “దేవుడి పేరేటి? రావుడా, కిష్ణుడా?” తల అడ్డంగా ఊపాను. “అప్పన్నా? సింవాద్రా?” కాదు. “ఎంకన్న? సూరీడు పేరా?” కాదే, కాదు, ఏ దేవుడి పేరూ కాదు, గేదెలు తినేది, చేటలో పోసి కొన్నది, మీకెలా చూపించను, ఈ సిమెంటు నేల మీద తవుడెక్కడుంది? వాళ్ళు నవ్వుతున్నారు, మంచిగానే నవ్వుతున్నారు, పూర్వం మా వీధిలో నేనూ కొత్త కోడళ్ళని ఇలాగే ఏడిపించాను. నాకేమో ఆయన ఎక్కడో చెమటలు కక్కుతూ జారిపోతున్నట్టే కనబడుతోంది. పేరు అంటే ఆయుక్షీణం అన్నావు కదే అమ్మా, అనకపోతే ఇప్పుడు ఉన్న ఆయువు కూడా పోయేలా ఉంది, దీనికేం చెబుతావు? కోపం వచ్చేసింది, వాళ్ళ మీద, అమ్మ మీద, తినకుండా బయల్దేరిన ఆ మనిషి మీద. ఆ కోపంలో నోరు జారింది. “సచ్చినోడు” అంది నా నోరు, స్పష్టంగా.

నవ్వులు ఆగిపోయాయి. “సచ్చిపోనాడా పిన్నీ?” అంది అరటిపళ్ళావిడ. నేను నా నోటి మీద ఎడం చేత్తో కొట్టుకున్నాను, ఇంకోటి, ఇంకోటి. మహేశ్వరి క్యారేజీ పక్కన పెట్టి నా చెయ్యి పట్టేసుకుంది. మొహంలోకి చూసింది, వంకర పోయిన పెదవి చూసింది, వేలాడుతున్న కుడి చెయ్యి చూసింది. “పిన్నీ, నీకు మాట రాదేటి? పచ్చవాతం వచ్చిందా?” తలూపాను, ఏడుపు తన్నుకొచ్చింది. “అయ్యో, నానేటో అనుకున్నాను” అని కొంగుతో కాదు, తన ఖాకీ చొక్కా చేతితోనే నా కళ్ళు తుడిచి, మైకు గదిలోకి నడిపించుకుపోయింది. అక్కడ కళ్ళజోడాయన పేరడిగాడు. మాట రాదంటే ఆనవాళ్ళు అడిగాడు. తెల్లచొక్కా, పెద్దమనిషి అని మహేశ్వరి నా సైగలు చూసి చెప్పింది. “తెల్లచొక్కా పెద్దమనుషులు ఈ కాంప్లెక్సులో సగం మందున్నారమ్మా, ఎవరని పిలవను?” అన్నాడు, విసుగ్గా కాదు, నిజంగానే తెలియక.

మైకు నా ముందే ఉంది, మెడ వంచుకుని. తవిటయ్య. లోపల ఎంత శుభ్రంగా ఉందో. త దగ్గర నాలిక పెట్టాలి, పెట్టాను, గాలి వచ్చింది. మళ్ళీ పెట్టాను. గ్లాసు, పిల్లి, ఓలమ్మ, అన్నీ గుమ్మం దగ్గరికి తోసుకొస్తున్నాయి, తప్పుకోండే. ఇలా కాదు. మా అత్త ఎలా పిలిచేది? ఈయనకి పోర్టులో పని దొరక్క ముందు ఊళ్ళోనే ఉండేవాళ్ళం, సాయంత్రమయ్యేసరికి ఆవిడ పెరటి గట్టెక్కి పొలం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని పిలిచేది, మాట తక్కువ, రాగం ఎక్కువ, ఆఖర్న సాగదీసి. ఆ రాగం నాకు వచ్చు. లోపల పొయ్యి దగ్గర కూర్చుని ఎన్ని సాయంత్రాలు విన్నాను. పాటలుండే చోటు తలలో ఇంకో పక్కనట, శ్రీసత్య చెప్పింది. మాట సంగతి వదిలేశాను. కళ్ళు మూసుకుని ఆ రాగం ఎత్తుకున్నాను, ముందు గొంతు వచ్చింది, ఆ గొంతు మీద ఎక్కి పేరు వచ్చింది.

“తవిటీ... ఓ తవిటీ...”

స్తంభాల మీద డబ్బాలన్నీ ఆ పేరే అన్నాయి. బస్సుల మీదుగా, జనం మీదుగా పోయింది. కళ్ళజోడాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. నాకు నడివీధిలో కొంగు జారినంత సిగ్గేసింది. ఆయువు, దోషం అన్నీ గుర్తొచ్చాయి. అయినా ఆగితే మళ్ళీ రాదేమోనని ఇంకా గట్టిగా పిలిచాను. మూడోసారి గొంతు పగిలిపోయింది.

ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. చివరి ప్లాట్‌ఫారం అవతల, స్తంభం వెనక నేల మీద కూర్చుండిపోయాడట. తాగాడనుకుని ఎవరూ దగ్గరికి పోలేదట. మైకు మోగగానే చెయ్యెత్తి, నానే, నానే అన్నాడట, అప్పుడు చూశారట చెమటలు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఫైలు మాత్రం చంకలోనే ఉంది. మహేశ్వరి కూల్‌డ్రింకు తెప్పించి తాగించింది, అరటిపళ్ళావిడ పండు ఒలిచి చేతిలో పెట్టింది. తినే దాకా ఆయన వైపు చూస్తూనే కూర్చున్నాను. మొహంలోకి కాస్త రంగొచ్చాక నన్ను చూసి మొదట అన్నమాట, “కదలకన్నాను కదే.” తర్వాత చుట్టూ చూశాడు. “మన ఊరోళ్ళెవులైనా వచ్చినారేటి? నన్నెవులో పిలిసినారు. అచ్చం మాయమ్మలాగ. నాను పోనాననే అనుకున్నాను, అమ్మ పిలుత్తందనుకున్నాను.”

“ఎవులేటి బాబూ, మీ ఆవిడే” అంది మహేశ్వరి.

“ఊరుకోమ్మా” అన్నాడాయన నీరసంగా నవ్వి. “అది నా పేరనదు. మాటున్నప్పుడే అననేదు.”

మహేశ్వరి నా వైపు చూసింది. మైకు లేదు, కేక వేసే ఓపిక లేదు, రాగం సాగదీయడానికి గొంతు లేదు. ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. ఓలమ్మ వచ్చింది, మింగేశాను. మళ్ళీ ప్రయత్నించాను. ఆయన ఆగాడు, నా కళ్ళలోకి చూస్తూ, ఎంతసేపు పడితే అంతసేపు.

“తవిటీ” అన్నాను, ఇద్దరికే వినబడేంత.

అరటిపండు చేతిలోనే ఉండిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు, ఆయనకి కూడా. కాసేపటికి “ఊఁ” అన్నాడు.

పిలిచాక ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పాల్సింది చాలా ఉంది, ఒక్కటీ రాలేదు. మళ్ళీ పిలిచాను. మళ్ళీ పలికాడు.